కంపెనీ ధర, లాభము: ఏటేట చూడవలసిన లెక్క

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఇట్టి వేదికలపై పురాణమును గూర్చియో, కవిత్వమును గూర్చియో ప్రసంగించుట వాడుక. నేనెన్నుకొన్న విషయము కంపెనీల వాటాలు, వాని ధరలు, వాని లాభములు. ఇది గ్రంథాలయమునకు తగిన విషయమేనా యని కొందరికి సందేహము కలుగవచ్చును. 1914 ఏప్రిల్ 10వ తేదీన అయ్యంకి వెంకటరమణయ్యగారి కృషివలన బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయముల ప్రతినిధులు తొలిసారిగా సమావేశమైరి. నాడు మొదలైన ఆ యుద్యమము గ్రంథమును పండితుని గదినుండి గ్రామస్థుని అరుగుమీదికి తెచ్చినది. చదువ నేర్చినవాడు తన దస్తావేజును తానే చదువుకొనగలడు. తన దస్తావేజును తానే చదువుకొనువాని నెవ్వరును తేలికగా మోసగింపలేరు. నేటి దస్తావేజులలో కంపెనీ వార్షిక నివేదిక యొకటి. కావున ఈ విషయమునకు ఇచ్చట చోటున్నదనియే నా నమ్మకము.

మన అచ్యుతాపురము 2022 ఏప్రిల్ 4వ తేదీవరకు విశాఖపట్టణము జిల్లాలో నుండి, ఆనాటినుండి అనకాపల్లి జిల్లాలో చేరినది. పంటలను, తోటలను నమ్ముకొని బ్రదికిన ఈ ప్రాంతమునకు ప్రత్యేక ఆర్థిక మండలి వచ్చినది. బట్టలు కుట్టు కర్మాగారములు, మందుల కర్మాగారములు వెలసినవి. భూములిచ్చిన కుటుంబములకు రొక్కము చేతికి వచ్చినది. వారి బిడ్డలలో కొందరు నెలజీతగాండ్రైరి. పొలము చేతిలోనున్న దినములలో దానిని గూర్చి మనకు ఎవ్వరును పాఠము చెప్పనక్కరలేకపోయెను. ఏ మడిలో నీరు నిలుచును, ఏ చెక్కలో చెరకు బాగుగా దిగును, ఏ సంవత్సరమున కౌలు తగ్గింపవలెను అను తెలివి తాతతండ్రులనుండి వచ్చినది. రొక్కమును గూర్చిన తెలివి మాత్రము అట్లు వారసత్వముగా రాలేదు. నేడు చేతిలోని ఫోనునుండియే కంపెనీల వాటాలు కొనవచ్చును. సలహాలు కూడ ఆ ఫోనులోనికే వచ్చి పడుచున్నవి. పొలము అమ్మగా వచ్చిన సొమ్ము తిరిగి రానిది. అందుచేతనే ఈ లెక్క మనము నేర్చుకొనవలసి యున్నది.

ఆ సలహాలలో తరచుగా వినబడు మాట యొకటి కలదు. “ఈ కంపెనీ పీ-ఈ ఏడే, చాల చవుక. ఆ కంపెనీ పీ-ఈ ఏబది, మిక్కిలి ప్రియము.” పీ-ఈ యనగా ధరకును లాభమునకును గల నిష్పత్తి. ఈ అంకెను ఒక్కనాటిది మాత్రము చూచి చవుక, ప్రియము అని నిర్ణయించుట ప్రమాదము. దీనిని పది సంవత్సరముల పొడవున పెట్టి చూడవలెను. అది మారినప్పుడెల్ల ఎందువలన మారినదో విచారింపవలెను. నేను చెప్పదలచినదంతయు ఈ రెండు మాటలే. తక్కినదంతయు దీనికి వ్యాఖ్యానము.

మొదట భూమితోనే ఆరంభింతము. ఒక ఎకరము వెల 20 లక్షలనుకొందము. దానికి ఏడాదికి వచ్చు కౌలు 40 వేలనుకొందము. వెలను కౌలుతో భాగించినచో 50 వచ్చును. అనగా ఆ భూమిని కొన్నవాడు ఏబది యేండ్ల కౌలును నేడే ఇచ్చివేయుచున్నాడు. మరియొకచోట ఎకరము పది లక్షలు, కౌలు 50 వేలు. అచ్చట భాగించినచో 20. మొదటివాడు తెలివితక్కువవాడని వెంటనే అనరాదు. అటువైపు రహదారి వచ్చునని, కర్మాగారము వచ్చునని అతని ఆశ. ఆ ఆశ ఫలించినచో అతడే బుద్ధిమంతుడు. ఫలింపనిచో ఏబది యేండ్ల కౌలు ముందుగా చెల్లించి కూర్చుండినవాడు.

ఇంకను మూడు సందర్భములను ఊహింపుడు. వానలు లేక ఒక యేడు కౌలు మాఫీ చేయవలసి వచ్చినది. ఆ యేటికి నిష్పత్తియే లేదు. అంతమాత్రమున భూమి చెడిపోయినదా? మరియొక యేడు బెల్లమునకు ఎన్నడును లేని ధర వచ్చి, కౌలుదారు నాలుగు రెట్లు ఇచ్చినాడు. నిష్పత్తి మిక్కిలి తగ్గినది. అంతమాత్రమున ఆ భూమి చవుకయినదా? మూడవది, అమ్మువాడు లేని కౌలును ఉన్నట్లు కాగితము పుట్టించి చూపినాడు. అప్పుడు ఆ నిష్పత్తికి విలువ యేమున్నది? కరవు ఏడు, కలిసివచ్చిన ఏడు, కల్ల కాగితము. ఈ మూడింటిని జ్ఞాపకముంచుకొనుడు. కంపెనీల విషయమున కూడ ఈ మూడే మరల మరల ఎదురగును.

ఇక కంపెనీ లెక్క. ఒక కంపెనీకి ఏడాదికి పన్నులు పోగా 100 కోట్ల లాభము వచ్చినది. దానికి 10 కోట్ల వాటాలున్నవి. వాటా ఒక్కింటికి లాభము 10 రూపాయలు. బజారులో వాటా ధర 200 రూపాయలైనచో, 200ను 10తో భాగింపగా నిష్పత్తి 20. దీనిని తలక్రిందులు చేసి చూచిన మనకు మరింత సుబోధమగును. 200 రూపాయలకు 10 రూపాయల లాభమనగా నూటికి సాలునకు అయిదు. నూటికి రూపాయి వడ్డీ యని మనవారనునది నెలకు. అది సాలునకు పండ్రెండు. బ్యాంకులో నిలువ వేసిన సొమ్ముకు ఎంత వచ్చునో మనమెరుగుదుము. కావున నిష్పత్తి 20 అనగా నేటి లాభమునుబట్టి నూటికి అయిదు, 50 అనగా నూటికి రెండు, 10 అనగా నూటికి పది. ఆ లాభమంతయు మన చేతికి రాదు. కొంత డివిడెండుగా వచ్చును, తక్కినది కంపెనీలోనే నిలుచును. బ్యాంకు వడ్డీలు పెరిగిన కాలమున ఈ నిష్పత్తులు తగ్గుటయు, వడ్డీలు తగ్గిన కాలమున పెరుగుటయు సామాన్యముగా జరుగుచుండును. నిష్పత్తి కాలముతోపాటు మారుటకు ఇది మొదటి కారణము.

రెండవ కారణము లాభము పెరుగునను ఆశ. నేడు నిష్పత్తి 30 గల కంపెనీ లాభము ఏటేట నూటికి ఇరువది చొప్పున పెరిగినచో అయిదేండ్లలో అది రమారమి రెండున్నర రెట్లగును. ధర కదలకున్నను నిష్పత్తి 12కు దిగివచ్చును. కావున 30 యను అంకెను చూచి భయపడి పారిపోనక్కరలేదు. కాని లాభము పెరుగక, జనుల ఆశ మాత్రము సన్నగిల్లి, నిష్పత్తి 30 నుండి 15కు దిగినచో, కంపెనీ ఏ నష్టమును పొందకున్నను వాటాదారుని సొమ్ము సగమగును. ఒకే అంకె దిగివచ్చుటకు రెండు త్రోవలున్నవి. ఒక త్రోవలో లాభము పెరిగినది. రెండవ త్రోవలో ధర కూలినది. నిష్పత్తిని మాత్రమే చూచువానికి ఈ రెండును ఒక్కతీరుగనే కనబడును. అందుచేత పై అంకెను, క్రింది అంకెను వేరువేరుగా వ్రాసికొనవలెను.

ఇప్పుడు నిజమైన ఉదాహరణములకు వత్తము. కరవు ఏటికి ఉదాహరణము మన తెలుగువారి కంపెనీయే. కల్లం అంజిరెడ్డిగారు 1984లో హైదరాబాదున స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ 2006లో జర్మనీ దేశమందలి బెటాఫార్మ్ అను మందుల కంపెనీని 48 కోట్ల యూరోలకు కొన్నది. తరువాత ఆ దేశమున మందుల ధరలు పడిపోయినవి. కొన్న ఆస్తి విలువ తగ్గినదని లెక్కలలో వ్రాసివేయవలసి వచ్చినది. అందువలన 2009 మార్చితో ముగిసిన సంవత్సరమున కంపెనీ అంతర్జాతీయ పద్ధతి లెక్కలలో సుమారు 517 కోట్ల నష్టము చూపినది. నష్టమున్నచోట నిష్పత్తి లేదు. మరుసటి సంవత్సరము కూడ అట్టి వ్రాతల మూలమున లాభము సుమారు 107 కోట్లే. వాటా ఒక్కింటికి ఆరు రూపాయలకు పైచిలుకు. 2010 మార్చి చివర వాటా ధర సుమారు 1,275 రూపాయలు. భాగించినచో నిష్పత్తి రెండువందలు! ఆ అంకెను మాత్రమే చూచినవాడు ఇది పిచ్చి ధర యని కాగితము మూసివేసియుండును. ఆ మరుసటి సంవత్సరము లాభము సుమారు 1,104 కోట్లు. నిష్పత్తి ఇరువదియైదు ప్రాంతమునకు దిగినది. ధర పడిపోలేదు, పెరిగినది. మూడేండ్లలో నిష్పత్తి లేకపోవుట, రెండువందలు, ఇరువదియైదు. మందులు తయారుచేసి అమ్ము ప్రధాన వ్యాపారము ఈ మూడేండ్లలోను నడచుచునే యున్నది. మారినది పాత కొనుగోలును గూర్చిన ఒక పద్దు. ఏటేటి పట్టికలో ఆ రెండువందల ప్రక్కన “ఆస్తి విలువ తగ్గింపు” అని కారణము వ్రాసికొన్నవానికి భ్రమ కలుగదు.

కలిసివచ్చిన ఏటికి ఉదాహరణము ఉక్కు. విశాఖపట్టణపు నీడన నివసించు మనకు ఉక్కు పరాయి వస్తువు కాదు. కాని విశాఖ ఉక్కు కర్మాగారపు వాటాలు ప్రభుత్వము చేతిలోనివి, బజారున అమ్ముడుపోవు. కావున దానికి ఈ నిష్పత్తి లెక్క లేదు. ఆ వ్యాపారపు ఆటుపోట్లను తెలిసికొనుటకు టాటా స్టీలును చూతము. 2022 మార్చితో ముగిసిన సంవత్సరమున ప్రపంచమంతట ఉక్కు ధరలు మిన్నంటినవి. కంపెనీ తన అనుబంధ సంస్థలతో కలిపి సుమారు 41,700 కోట్ల లాభము చూపినది. వాటా ఒక్కింటికి సుమారు 332 రూపాయలు. ధర సుమారు 1,300. నిష్పత్తి నాలుగు! ఇంతకన్న చవుక యేమున్నదని ఎవరికైనను తోచును. మరుసటి యేడు లాభము సుమారు 8,000 కోట్లకు పడినది. నిష్పత్తి 14 దాటినది. ఆ తరువాతి సంవత్సరము సుమారు 4,900 కోట్ల నష్టము, నిష్పత్తియే లేదు.

ఇక ధర సంగతి చూడుడు. 2022 జులైలో ఆ కంపెనీ పది రూపాయల వాటా నొక్కదానిని రూపాయి వాటాలు పదిగా విభజించినది. కావున పాత 1,300ను 130గా లెక్కింపవలెను. నిష్పత్తి నాలుగున్నప్పుడు 130. పదునాలుగు దాటినప్పుడు సుమారు 104. నిష్పత్తి లేనప్పుడు, అనగా 2024 మార్చి చివర, సుమారు 156. చవుకగా కనబడిననాడు కొన్నవాని సొమ్ము ఏడాదిలో తగ్గినది; ప్రియముగా కనబడిననాడు కొన్నవాని సొమ్ము మరుసటి ఏడాదిలో పెరిగినది. ప్రతిసారియు ఇట్లే జరుగునని నేననను. ఉక్కు, పంచదార, సిమెంటు మున్నగు వ్యాపారములలో లాభము అలవలె లేచి పడుచుండును. అల శిఖరమున నున్నప్పుడు క్రింది అంకె పెద్దదై నిష్పత్తి చిన్నదగును. అనకాపల్లి బెల్లపు బజారును ఎరిగినవారికి ఇది క్రొత్తమాట కాదు. ధర ఎక్కువ పలికిన యేటి రాబడిని చూచి ఎవ్వరును పొలమునకు వెల కట్టరు. మంచి యేడు, చెడ్డ యేడు, నడిమి యేడు కలిపి సగటు చూతురు.

ఈ సగటు చూచుపద్ధతి పాశ్చాత్య దేశములందలి పండితులు కూడ చెప్పినదే. అమెరికాలో బెంజమిన్ గ్రాహము, డేవిడ్ డాడ్ అనువారు 1934లో ప్రకటించిన తమ గ్రంథమున ఒక్కయేటి లాభమును నమ్మవద్దనియు, అయిదేండ్లకు తక్కువ కాకుండ, వీలైనచో ఏడు లేక పదియేండ్ల సగటు తీసికొనుమనియు సలహా ఇచ్చిరి. రాబర్ట్ షిల్లర్, జాన్ క్యాంబెల్ అనువారు 1988లో ధరవరల పెరుగుదలను సవరించిన పదియేండ్ల సగటు లాభముతో మొత్తము బజారు ధరను పోల్చి చూచిరి. షిల్లరుగారికి 2013లో అర్థశాస్త్రమున నోబెల్ పురస్కారము లభించినది. మన రైతు సగటు చూచు తెలివియు, ఆ పండితుల తెలివియు ఒక్కటే. వారు దానికి గణితము చేర్చిరి.

మూడవది కల్ల కాగితము. దీనికి ఉదాహరణము చెప్పుటకు తెలుగువారికి మనస్సు నొచ్చును. అయినను చెప్పక తప్పదు. 1987లో హైదరాబాదున స్థాపింపబడిన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ ఒకప్పుడు మన యువకులకు గర్వకారణము. 2000వ సంవత్సరమున కంప్యూటరు కంపెనీలపై జనులకు వెఱ్ఱి ఆశ పుట్టినప్పుడు దాని వాటా ధర లాభమునకు నూరు రెట్లను మించిపోయినది. ఆ వెఱ్ఱి తగ్గినది, ధర కూలినది. తరువాతి సంవత్సరములలో లాభము ఏటేట పెరిగినట్లు నివేదికలు చూపుచు వచ్చినవి. 2008 మార్చితో ముగిసిన సంవత్సరమునకు చూపిన లాభము సుమారు 1,688 కోట్లు. వాటా ఒక్కింటికి సుమారు 25 రూపాయలు. ధర 400 లోపున. నిష్పత్తి 16 ప్రాంతము. అదే సంవత్సరము డిసెంబరు 16న యజమాని కుటుంబమునకు చెందిన మేటాస్ సంస్థలను కంపెనీ సొమ్ముతో కొనుటకు ప్రయత్నము జరిగినది. వాటాదారులు తిరుగబడగా అది ఆగిపోయినది. 2009 జనవరి 6న ధర సుమారు 179 రూపాయలు. కాగితముమీది నిష్పత్తి ఏడు. చవుక యని కొన్నవారును కలరు.

మరునాడు, జనవరి 7న, అధ్యక్షుడు రామలింగరాజుగారు లెక్కలు కల్పితములని తానే లేఖ వ్రాసిరి. 2008 సెప్టెంబరు చివర నగదు, బ్యాంకు నిలువలు 5,361 కోట్లని చూపినదానిలో 5,040 కోట్లు లేనే లేవు. ఆ త్రైమాసికమున నిర్వహణ లాభము 649 కోట్లని చూపగా నిజముగా వచ్చినది 61 కోట్లు. ఆనాడే వాటా ధర 40 రూపాయల ప్రాంతమునకు పడిపోయినది. ఈ రెండు లాభములను పోల్చి చూడుడు. నిజమైన లాభము చూపినదానిలో పదింట నొక వంతును మించనిచో, ఏడు అనుకొన్న నిష్పత్తి నిజముగా డెబ్బదికి పైమాట. చవుక యనుకొన్నది అత్యంత ప్రియము. తరువాత ప్రభుత్వము క్రొత్త పాలకవర్గమును నియమించుటచే ఉద్యోగులకు గొప్ప గండము తప్పినది. 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ కంపెనీని చేపట్టినది. 2013లో రెండును ఏకమైనవి. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానము నిందితులను దోషులుగా నిర్ణయించినది. వారు పై న్యాయస్థానమున అప్పీలు చేసికొనిరి.

ఇట్టి మోసమును పల్లెలో కూర్చుండి కనిపెట్టుట సాధ్యమా యని మీరడుగవచ్చును. లెక్కల తనిఖీదారులకే అంతుపట్టనిది సామాన్యునకు పూర్తిగా అంతుపట్టదు. కాని అనుమానించుటకు ఆధారములు దొరకును. నిష్పత్తి పట్టిక ప్రక్కనే మరియొక అంకెను ఏటేట వ్రాసికొన్నవానికి ఒక సంగతి కనబడియుండును. 2001లో యజమాని కుటుంబపు వాటా నాలుగింట నొక వంతు ఉండగా, 2008 నాటికి అది పదింట నొక వంతుకన్న తక్కువయినది. లాభము ఏటేట పెరుగుచున్నదని లోకమునకు చెప్పుచు, తన వాటాను ఏటేట తగ్గించుకొనుచున్న యజమానిని చూచి కొనువాడు ఒక్క నిమిషము ఆగవలెను. తన పొలము బంగారము పండునని చెప్పుచు గట్టు గట్టుగా అమ్ముకొనువానిని మనము ఏమని యడుగుదుమో, ఇచ్చటను అదే యడుగవలెను.

ఒక్క కంపెనీకే కాదు, మొత్తము బజారునకు కూడ ఇట్టి నిష్పత్తిని లెక్కింతురు. మన దేశమున ఏబది పెద్ద కంపెనీలతో కూడిన నిఫ్టీ సూచికి ఈ నిష్పత్తి 2008 జనవరిలో 28 దాటినది. ప్రపంచ ఆర్థిక సంక్షోభము వచ్చిన అదే సంవత్సరము అక్టోబరులో 11 ప్రాంతమునకు దిగినది. తొమ్మిది నెలలలో కర్మాగారములు మూడింట రెండు వంతులు మూతపడలేదు. మారినది ముఖ్యముగా జనుల మనస్సు. 2021 మార్చి చివర అదే నిష్పత్తి ఒక్కనాటిలో 40 నుండి 33కు దిగినది. ఆనాడు బజారు కూలలేదు. అంతవరకు కంపెనీల సొంత లాభములను మాత్రమే లెక్కించుచుండిన సంస్థ, నాటినుండి అనుబంధ సంస్థల లాభములను కూడ కలిపి లెక్కించుట ఆరంభించినది. కొలత మారినది, వస్తువు మారలేదు. శేరుతో కొలిచినదానిని కిలోతో కొలిచినదానితో పోల్చరాదని మన అంగడివారికి తెలియును. పాత అంకెలను క్రొత్త అంకెలతో పోల్చునప్పుడు కొలత ఒక్కటేనాయని చూడవలెను.

ఎంతకాలమైనను ఓపిక పట్టినచో ధర తిరిగి వచ్చునను నమ్మకము కూడ కొందరిలో కలదు. జపాను దేశపు నిక్కీ సూచి 1989 డిసెంబరు 29న 38,915కు చేరినది. ఆనాటి నిష్పత్తి సుమారు అరువది. ఆ స్థాయిని అది మరల దాటినది 2024 ఫిబ్రవరి 22న. ముప్పదినాలుగేండ్లు! ఆ దేశము బీదదై పోలేదు. దాని కంపెనీలలో పెక్కు ప్రపంచ ప్రసిద్ధములు. కాని అరువది యేండ్ల లాభమును ముందే చెల్లించినవాని యౌవనము వృద్ధాప్యమైనది. మంచి కంపెనీ వేరు, మంచి ధర వేరు. పెండ్లికూతురు కట్నము కొరకో, కుమారుని చదువు కొరకో దాచిన సొమ్మునకు ముప్పదినాలుగేండ్ల ఓపిక ఉండదు.

ఈ సందర్భమున మరియొక జాగ్రత్త. నిష్పత్తిలోని లాభము గడచిన సంవత్సరముదా, రాబోవు సంవత్సరముదా యని యడుగుట మరువకుడు. అమ్మజూపువారు తరచుగా రాబోవు లాభముతో భాగించి చిన్న అంకెను చూపుదురు. అది గానుగ కెక్కని చెరకునకు బెల్లము లెక్కకట్టుట. అట్లు లెక్కించుట తప్పుకాదు. కాని అది అంచనా యని చెప్పి లెక్కింపవలెను. అట్లే వాటాలను విభజించినప్పుడును, బోనసు వాటాలిచ్చినప్పుడును పాత లెక్కలను సవరించుకొనవలెను. ఒక తోటను నలుగురు అన్నదమ్ములు పంచుకొన్నచో ఒక్కొక్కరి ఫలసాయము తగ్గును. తోట కాపు తగ్గినదని అనము.

ఇక ఆచరణ. తాము కొనదలచిన కంపెనీని గూర్చి ప్రతివారును ఒక పుస్తకమున ఎనిమిది గడులు గీసికొనవలెను. సంవత్సరము, మొత్తము లాభము, వాటా ఒక్కింటికి లాభము, మార్చి చివరి ధర, నిష్పత్తి, వ్యాపారమునుండి నిజముగా చేతికి వచ్చిన నగదు, యజమానుల వాటా. ఈ ఏడును అంకెలు. ఎనిమిదవ గడి కారణమునకు. నిష్పత్తి నిరుటికన్న పెరిగినను తరిగినను ఎందువలనో ఆ గడిలో ఒక్క వాక్యము వ్రాయవలెను. ధర మారినదా, లాభము మారినదా? లాభము మారినచో కరవు ఏడా, కలిసివచ్చిన ఏడా, నిలుకడయైన పెరుగుదలయా? లాభము పెరుగుచుండగా నగదు పెరుగుటలేదా? పది వరుసలు నిండిన తరువాత ఆ కంపెనీకి సాధారణముగా ఏ నిష్పత్తి చెల్లుచున్నదో, నేడు దానికన్న ఎక్కువ ఇచ్చుచున్నామో తక్కువ ఇచ్చుచున్నామో కంటికి కనబడును. ఆ ఎనిమిదవ గడిని నింపలేకపోయినచో ఆ కంపెనీ మనకు అర్థము కాలేదని తెలిసికొని సొమ్మును బ్యాంకులోనే ఉండనిచ్చుట మేలు. కొనకుండుటవలన పోయిన సొమ్ము లేదు.

దీనికి కావలసిన సామగ్రికి ఖర్చు లేదు. బజారున వాటాలు అమ్ముడగు ప్రతి కంపెనీయు తన వార్షిక నివేదికను ప్రకటింపవలెనని చట్టమున్నది. అవి ఉచితముగా లభించును. భాష ఇంగ్లీషు, లావు చూచి బెదరవలసిన పనిలేదు. మనకు కావలసినవి లాభనష్టముల పట్టిక, నగదు రాకపోకల పట్టిక, వాటాదారుల పట్టిక మాత్రమే. కళాశాలలో చదువుచున్న మన గ్రామ యువకులు, యువతులు ఒక సాయంకాలము కూర్చుండినచో ఒక కంపెనీ పదియేండ్ల పట్టిక సిద్ధమగును.

కార్యవర్గమువారికి నా విన్నపము ఇది. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము బల్లపై వార్తాపత్రికలను పరచి ఉంచినది. ఇకమీదట ఆ పత్రికల ప్రక్కన ఇట్టి ఎనిమిది గడుల పుస్తకమొకటి ఉంచుడు. ఎవ్వరు ఏ కంపెనీని గూర్చి విచారించినను దానిలో వ్రాయవలెను. చదువువారు దానిని సరిచూడవలెను. ఏది కొనుమనియు, ఏది అమ్ముమనియు అందులో ఎవ్వరును వ్రాయరాదు. అంకెలు, కారణములు మాత్రమే వ్రాయవలెను. ఫోనులో సలహా వచ్చిన గృహస్థు ఆ రాత్రియే సొమ్ము పంపక, మరునాడు ఇచ్చటికి వచ్చి ఒక గంట ఆ పుస్తకమును చూచుకొని పోయినచో, భూమినిచ్చి తెచ్చుకొన్న సొమ్ము కొన్ని ఇండ్లలోనైనను నిలుచును.